పాత రూపం, కొత్త ఊపిరి: డాంటే మరియోని గాజు పాత్రలు

పాత రూపాన్నే మళ్ళీ తయారుచేసినవాణ్ణి కళాకారుడు అనవచ్చా, లేక మంచి పనివాడు అంటే సరిపోతుందా? కళావిమర్శ చదివే విద్యార్థులు సంపర్క తరగతుల్లో తరచుగా వేసే ప్రశ్న ఇది. ప్రశ్న చిన్నదే కాని దాని వెనుక ఒక నమ్మకం ఉంది. కొత్తదనం ఉంటేనే కళ, నైపుణ్యం మాత్రమే ఉంటే అది చేతిపని అనే నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి ఈ పాఠంలో ఒకే ఒక కళాకారుణ్ణి తీసుకుందాం. ఆయన పేరు డాంటే మరియోని. అమెరికాలోని సియాటిల్ నగరంలో గాజును ఊది పాత్రలు చేస్తారు. తన రూపాలు ప్రాచీన గ్రీకు, ఎట్రుస్కన్ పాత్రల నుంచి వచ్చాయనీ, తన పద్ధతులు వెనిస్ నుంచి వచ్చాయనీ ఆయన దాచుకోరు. అరువు ఇంత బాహాటంగా ఉన్నచోట మన ప్రశ్నకు తప్పించుకునే దారి ఉండదు. అందుకే ఈ ఎంపిక.

ముందుగా పదార్థం గురించి ఒక మాట. తెలుగులో 'గాజు' అంటే పదార్థమూ అదే, చేతికి తొడుక్కునేదీ అదే. మనకు గాజుతో పరిచయం చాలావరకు మణికట్టు దగ్గరే మొదలైంది. అయితే వేడి గాజుతో పనిచేసే పాత విద్య మన నేలమీదా ఉంది. తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేటలో కరిగిన గాజు ముద్ద నుంచి సన్నని గొట్టాన్ని సాగదీసి, దాన్ని ముక్కలుగా తుంచి పూసలు చేసే సంప్రదాయం ఉంది. ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటే. వేడి గాజును ఎంత సాగదీసినా దాని లోపలి అమరిక చెడదు. మధ్యలో రంధ్రం ఉంటే అది మధ్యలోనే ఉండి సన్నబడుతుంది. రంగు చార ఉంటే అదీ అంతే. ముద్దలో ఉన్న బొమ్మ వెంట్రుకంత సన్ననైనా బొమ్మగానే మిగులుతుంది. వెనిస్ వారి జాలీపనికి మూలం కూడా ఈ ధర్మమే. దీన్ని గుర్తుంచుకోండి, తరువాత అవసరం వస్తుంది.

కుటుంబం, కాలం

మరియోని 1964లో కాలిఫోర్నియాలోని మిల్ వ్యాలీలో పుట్టారు. తండ్రి పాల్ మరియోని అమెరికన్ స్టూడియో గాజు ఉద్యమంలో తొలితరం వ్యక్తి. ఒక పినతండ్రి జోసెఫ్ మరియోని ఏకవర్ణ చిత్రాలు వేసే చిత్రకారుడు. పెదతండ్రి టామ్ మరియోని భావప్రధాన కళలో పేరున్నవారు. మిత్రులతో కలిసి బీరు తాగడమే అత్యున్నత కళ అనే అర్థం వచ్చే శీర్షికతో 1970లో ఆయన ఒక ప్రదర్శన చేశారు. ఈ వివరం సరదాకు చెప్పడం లేదు. వస్తువు కన్నా ఆలోచనే ముఖ్యమని ఇంటిల్లిపాదీ నమ్మే వాతావరణంలో పెరిగిన కుర్రవాడు, ఆలోచన సంగతి తరువాత, ముందు వస్తువు సరిగ్గా ఉండాలి అన్నాడు. తిరుగుబాటు చేసే ఇంట్లో తిరుగుబాటు చేయాలంటే సంప్రదాయవాది కావడం ఒక్కటే దారి కాబోలు! పెదతండ్రి తాగడాన్ని కళ చేశారు. ఈయన ఎవరూ తాగని పానపాత్రలను కళ చేశారు.

ఆ రోజుల పరిస్థితి తెలిస్తే ఆయన ఎంపిక ఎంత విరుద్ధమైనదో అర్థమవుతుంది. 1962లో హార్వీ లిటిల్టన్ టొలీడో నగరంలోని మ్యూజియం ఆవరణలో రెండు శిక్షణ శిబిరాలు నడిపారు. కర్మాగారం లేకుండా, కళాకారుడు ఒక్కడే చిన్న కొలిమి దగ్గర గాజు ఊదవచ్చని అక్కడ రుజువైంది. స్టూడియో గాజు ఉద్యమం అలా మొదలైంది. అయితే ఆ తొలితరానికి ఊదడం సరిగా రాదు. బుడగలు ఒక పక్కకు ఒరిగేవి, గోడలు మందంగా వచ్చేవి. రానితనాన్నే వారు స్వేచ్ఛగా చెప్పుకున్నారు. పద్ధతి ఎవరైనా నేర్చుకోవచ్చు, దానికి పెద్ద విలువ లేదన్నది లిటిల్టన్ వైఖరి. అందులో కొంత నిజముంది. కాని చేతకానివాడికి ఆ మాట మంచి ఆసరా అయింది కూడా.

నేర్చుకోవాలనుకున్నవారు వెనిస్ వైపు చూశారు. డేల్ చిహూలీ 1968లో, రిచర్డ్ మార్క్విస్ 1969లో ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంతో అక్కడి మురానో ద్వీపంలోని వెనీని కార్ఖానాకు వెళ్ళారు. మురానో సామాన్యమైన చోటు కాదు. అగ్నిప్రమాదాల భయంతో 1291లో వెనిస్ ప్రభుత్వం గాజు కొలుములను నగరం నుంచి ఆ ద్వీపానికి తరలించింది. తరువాతి శతాబ్దాల్లో అక్కడి ఉస్తాదులు తమ విద్యతో బయటి రాజ్యాలకు వెళ్ళడాన్ని చట్టం నిషేధించింది. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కు, గురువు నుంచి శిష్యుడికి, కొలిమి గడప దాటకుండా నడిచింది.

ఆ గడప దాటినవారిలో ముఖ్యుడు లీనో టాల్యాపియెత్రా. 1934లో మురానోలో పుట్టి, బాల్యంలోనే కొలిమి దగ్గర చేరి, 21 ఏళ్ళకే 'మాయెస్త్రో' అనిపించుకున్నారు. అంటే మన భాషలో ఉస్తాదు. చిహూలీ 1971లో సియాటిల్‌కు ఉత్తరాన ప్రారంభించిన పిల్‌చక్ పాఠశాలకు 1979లో వచ్చి, తనకు తెలిసినదంతా అమెరికన్ యువకులకు నేర్పారు. సొంత ద్వీపంలో కొందరు దాన్ని ద్రోహంగా భావించారు. మరియోని కుటుంబం సియాటిల్‌కు మారింది కూడా ఆ సంవత్సరమే. 15 ఏళ్ళ వయసులో మరియోని స్థానిక గాజు కార్ఖానాలో పనికి కుదిరారు. 1980ల మొదట్లో లీనో పని చూశాక ఆయనకు తన దారి తెలిసింది. లీనో, మార్క్విస్, వెనీనిలో పనిచేసి వచ్చిన బెంజమిన్ మూర్ ఆయనకు గురువులు.

పాత్ర ఎలా పుడుతుంది

విమర్శ రాసేవారికి తయారీ తెలియనక్కరలేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. ముఖ్యంగా గాజు విషయంలో తయారీ తెలియకపోతే దేన్ని చూడాలో తెలియదు.

సుమారు 1100 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగి, పాకంలా ఉన్న గాజును ఇనుప ఊదుగొట్టం చివర చుట్టి తీస్తారు. ఆ క్షణం నుంచి గొట్టాన్ని తిప్పుతూనే ఉండాలి. తిప్పడం ఆపితే గాజు కిందికి జారుతుంది. నోటితో ఊదితే బుడగ, తడిపిన కాగితం మడతతోనూ పెద్ద పట్టకారు వంటి సాధనంతోనూ ఆకారం. చల్లబడగానే మళ్ళీ కొలిమి నోట్లో పెట్టి వేడిచేయాలి. మెడ తయారయ్యాక పాత్ర అడుగుకు మరో ఇనుప కడ్డీ అంటించి, ఊదుగొట్టాన్ని విడదీసి, అప్పుడు మూతిని తీరుస్తారు. చివరికి ఐదువందల డిగ్రీలకు కాస్త అటూఇటూ ఉన్న పెట్టెలో పెట్టి నెమ్మదిగా చల్లారుస్తారు. తొందరపడితే లోపలి ఒత్తిడికి పగిలిపోతుంది. కుమ్మరి తన పొరపాటును నీళ్ళు చల్లి సరిదిద్దుకోగలడు. ఎండేలోపు ఆగి ఆలోచించగలడు. గాజు పనివాడికి ఆ సావకాశం లేదు.

పిడులను ఉదాహరణగా తీసుకోండి. సహాయకుడు కొలిమి నుంచి చిన్న గాజు ముద్ద తెస్తాడు. ఉస్తాదు దాన్ని పాత్ర భుజానికి అంటించి, పైకి లాగి, వంపు తిప్పి, మెడకు కలుపుతాడు. అంతా కొన్ని సెకన్ల పని. కష్టం మొదటి పిడిలో లేదు, రెండో పిడిలో ఉంది. అది మొదటిదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. ఆ ముద్ద వేడి వేరు, బరువు వేరు, పాత్ర అప్పటికే కొంత చల్లబడింది. మరియోని పాత్రల చిత్రాలు చూసినప్పుడు ముందుగా రెండు పిడుల మధ్య ఖాళీని చూడండి. ఆ ఖాళీకి కూడా ఒక ఆకారం ఉంటుంది, అదీ ఆయన గీసినదే.

ఇది ఒక్కడి పని కాదని కూడా గమనించండి. ముద్ద తెచ్చేవారు, తలుపు తెరిచేవారు, ఉస్తాదు చేతులు పనిలో ఉన్నప్పుడు గొట్టం రెండో చివర ఊదేవారు కలిసి చేస్తారు. కళాకారుడు ఒంటరిగా సృష్టించాలన్న 1962 నాటి ఆదర్శం ఇక్కడ పక్కకు తప్పుకుంది.

మూతి, మెడ, భుజం, పొట్ట, పాదం

పాత్ర రూపాన్ని చదవడానికి కొత్త పరిభాష అక్కరలేదు. కుండకు మూతి, మెడ, భుజం, పొట్ట, అడుగు ఉంటాయని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. గ్రీకు పాత్రలను వర్ణించే పండితులు కూడా శరీర భాగాల పేర్లే వాడతారు. ఆంఫోరా అంటే రెండు పిడుల జాడీ. హైడ్రియా నీళ్ళు మోసే బిందె వంటిది, దానికి మూడు పిడులు. కైలిక్స్ పాదం మీద నిలిచిన వెడల్పాటి పానపాత్ర. ఇవన్నీ క్రీస్తుపూర్వం 6, 5 శతాబ్దాల్లో సారె మీద మట్టితో రూపుదిద్దుకున్నవి.

ఇక్కడే అసలు విషయం ఉంది. గాజును ఊదే విద్య పుట్టింది క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో, సిరియా పాలస్తీనా ప్రాంతంలో. అంటే ఆ గ్రీకు రూపాలు స్థిరపడిన కాలంలో గాజు ఊదడం అనేదే లేదు. గ్రీకుల దగ్గర గాజు ఆంఫోరాలు ఉండేవి కాని అవి అరచేతిలో ఇమిడే అత్తరు బుడ్లు. మట్టిముద్ద వంటి ఒక అచ్చు చుట్టూ కరిగిన గాజును చుట్టి, ఆరాక లోపలి మట్టిని గీకి తీసేవారు. కనుక మరియోని ఊదిన ఆంఫోరా దేనికి నకలు? అటువంటి గాజు పాత్ర ప్రాచీన గ్రీసులో లేదు. మట్టి రూపాన్ని, దానికి కొన్ని శతాబ్దాల తరువాత పుట్టిన పద్ధతిలో, పదిహేను శతాబ్దాలు దాటాక వెనిస్‌లో పరిణతి చెందిన మెలకువలతో, అమెరికాలో చేశారు. సంప్రదాయం అని మనం ఒక్క మాటలో అనేది ఇన్ని మలుపులు తిరిగి వచ్చింది.

మురానోలోనూ ఇంతే. వెనీని కార్ఖానాకు గుర్తుగా నిలిచిన 'వెరోనీసే' పాత్రను 1921లో విట్టోరియో జెక్కీన్ రూపొందించారు. దానికి ఆధారం పాత పాత్ర కాదు, 16వ శతాబ్దపు చిత్రకారుడు వెరోనీసే వేసిన చిత్రంలోని ఒక గాజు పాత్ర. సంప్రదాయానికి నిలయమనుకునే చోట కూడా చేతికి అందిన రూపాన్ని ఏరుకుని కొత్తగా చేశారు.

మరియోని 1987లో తన తొలి సొంత ప్రదర్శనలో 'వాపర్' పాత్రలు పెట్టారు. ఆ మాటకు అమెరికన్ వాడుకలో 'భారీది' అని అర్థం. పేరుకు తగ్గట్టే అవి మామూలు పూలపాత్రల కన్నా ఎంతో ఎత్తైనవి. ఒక్కోదానికి రెండే రంగులు. ఒంటికి ఒకటి, మూతి అంచుకూ పిడులకూ పాదానికీ దానికి ఎదురుగా నిలిచే మరొకటి. రంగు అపారదర్శకం. గాజు అనగానే మనం వెలుగు, తళుకు, లోపలికి కనిపించడం ఆశిస్తాం. ఈ పాత్రలు వాటిని ఇవ్వవు. లోపలికి చూపు పోకుండా రంగు అడ్డుపడుతుంది. కన్ను చేసేదేమీ లేక అంచు వెంట నడుస్తుంది. మెడ నుంచి భుజానికి, భుజం నుంచి పొట్టకు, అక్కడి నుంచి సన్నబడుతూ పాదానికి.

నా అంచనాలో ఆ తొలి పాత్రల బలం ఇదే. గ్రీకు పాత్రల మీద ఉండే బొమ్మలను, కథలను ఆయన తీసేశారు. గాజుకు సహజమైన మెరుపును కూడా తీసేశారు. మిగిలింది గీత ఒక్కటే. ఆ గీత ఏ మాత్రం వణికినా దాచుకోవడానికి అలంకారం లేదు. అందువల్ల ఇక్కడ నైపుణ్యం అనేది విషయాన్ని చేరవేసే సాధనంగా ఉండటం లేదు, అదే చూడవలసిన విషయమైంది. పద్ధతికి విలువ లేదన్న తరానికి ఆ తరువాతి తరం ఇచ్చిన జవాబు అది, మాటల్లో కాకుండా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వాపర్ పాత్రల్లో పారదర్శకతను వదులుకోవడం వల్ల రూపానికి ఏం లాభించింది? అయిదారు వాక్యాల్లో రాయండి.

జాలీలో బందీ అయిన గాలి

తరువాతి పనిలో మరియోని వదిలేసిన పారదర్శకత వైపు తిరిగారు. దానికి మార్గం 'రెటిచెల్లో', అంటే చిన్న వల. వెనిస్ వారు 16వ శతాబ్దంలో అభివృద్ధి చేసిన జాలీ గాజు పద్ధతుల్లో ఇది అతి క్లిష్టమైనది.

పూసల గొట్టం గురించి మొదట చెప్పింది ఇప్పుడు గుర్తుచేసుకోండి. రంగు చార ఉన్న గాజును సాగదీసి సన్నని కడ్డీలు చేస్తారు. వాటిని పక్కపక్కన పేర్చి, వేడిచేసి, ఒక బుడగకు గోడగా చుట్టి, మెలితిప్పుతారు. గీతలన్నీ ఒక వైపుకు వాలుతాయి. మరో బుడగను ఎదురు దిశలో మెలితిప్పుతారు. ఒకదాన్ని గిన్నెలా తెరిచి, రెండోదాన్ని అందులోకి ఊదుతారు. గీతలు ఒకదానినొకటి దాటి వల అవుతాయి. గీతలు కొద్దిగా ఉబ్బి ఉండటం వల్ల ప్రతి గడిలోనూ కాస్త గాలి చిక్కుకుని, ఒక్కో చిన్న బుడగ నిలిచిపోతుంది. గడులన్నీ సమంగా రావాలంటే రెండు బుడగలూ ఒకే మందంలో, ఒకే వేడిలో ఉండి, కేంద్రాలు కచ్చితంగా కలవాలి.

ఇటువంటి మెలకువ కనబడగానే విమర్శకులు రెండు రకాలుగా పొరబడతారు. ఒకరు కష్టాన్ని చూసి మెచ్చుకుంటారు, మరొకరు గారడీ అని తోసేస్తారు. పొడవాటి ఆకు ఆకారంలో మరియోని చేసిన జాలీ పాత్రలను చూస్తే రెండూ చాలవని తెలుస్తుంది. వల మొదట సమంగానే ఉంటుంది. ఊదినప్పుడు పాత్ర ఎక్కడ ఎక్కువ ఉబ్బిందో అక్కడ గడులు విచ్చుకుంటాయి, ఎక్కడ సన్నబడిందో అక్కడ దగ్గరపడతాయి. అంటే ఊపిరి ఎక్కడ ఎంత నిండిందో ఆ వల లెక్క రాసిపెడుతుంది. వాపర్ పాత్రల్లో రూపం అంచు మీదే కనిపించేది. ఇక్కడ అది ఒంటి నిండా కనిపిస్తుంది. పద్ధతి, రూపం వేరువేరుగా చూడటం కుదరదు. ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి ఇవే.

అభ్యంతరాలు

ఈ పాత్రలు దేనికీ ఉపయోగపడవు, కనుక ఇవి అబద్ధపు పాత్రలు అనే వాదన ఉంది. హైడ్రియాలో నీళ్ళు మోసేవారు, వీటిలో పూలైనా పెట్టరు. ఈ వాదన నాకు బలంగా తోచదు. అమరావతి స్తూప శిల్పాల్లో పద్మాలతో నిండిన పూర్ణఘటం ఉంది. ఆంధ్రప్రదేశ్ రాజచిహ్నంలోనూ అది ఉంది. ఆ రాతి ఘటంలో ఎవరూ నీళ్ళు పోయలేదు. అయినా అది ఘటం కాదని ఎవరం అనం. వాడుక నుంచి విడిపడిన పాత్ర 'పాత్ర' అనే భావానికి బొమ్మగా నిలవగలదు. అయితే తేడా ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. పూర్ణఘటానికి సమృద్ధి అనే అర్థాన్ని ఒక సమాజం ఇచ్చింది, చూసినవారందరికీ అది తెలుసు. మరియోని పాత్రకు అటువంటి ఉమ్మడి అర్థం లేదు. అది తన గీత బలం మీదే నిలబడాలి. గీత బలహీనపడ్డ రోజు దాన్ని ఆదుకునేది ఏదీ ఉండదు.

అలా బలహీనపడిన సందర్భాలు ఉన్నాయి. మూడేసి పాత్రలను ఒక వరుసగా పెట్టే పద్ధతిని ఆయన చాలాసార్లు వాడారు. కొన్నిసార్లు మూడు రూపాలు ఒకదానితో ఒకటి మాట్లాడతాయి. పొట్ట పెద్దదాని పక్కన సన్ననిది నిలిచి రెండింటినీ స్పష్టం చేస్తుంది. మరికొన్నిసార్లు మూడింటి రంగుల పొందికే మిగులుతుంది, గదికి అందం తెచ్చే సామగ్రిలా కనిపిస్తాయి. పిడుల చివర చుట్టలు మరీ ముద్దుగా తిరిగినప్పుడు కూడా నాకు ఇదే అనిపిస్తుంది. లోపం లేకపోవడం ఒక్కటే గుణం కాదు. తప్పు జరిగే అవకాశం కంటికి తెలిసినప్పుడే కచ్చితత్వం మనల్ని కదిలిస్తుంది. యంత్రం చేసినట్టు కనిపించగానే ఆ కదలిక పోతుంది.

ఇక ఎవరి విద్య ఎవరి సొంతం అనే ప్రశ్న. మురానో వారి కోపాన్ని తేలికగా తీసుకోకూడదు. రహస్యమే వారి జీవనాధారం. ఏ వృత్తి కులంవారిని అడిగినా ఆ భయం ఏమిటో చెబుతారు. కాని లీనో నేర్పకపోయి ఉంటే, సియాటిల్‌లో రెటిచెల్లోను ఇంత గౌరవంగా చేసే తరం పుట్టేది కాదు. మరియోని తన గురువుల పేర్లు చెప్పకుండా తన పని గురించి మాట్లాడరు. అరువుకూ అపహరణకూ తేడా అక్కడే తెలుస్తుంది. అంతమాత్రాన ఆ ద్వీపంలోని చిన్న కార్ఖానాల నష్టం తీరిపోయిందని నేను అనను.

చివరిగా ఆయన 'వెస్సెల్ డిస్‌ప్లే' వరుసను చూడండి. అరల మీద చిన్నచిన్న పాత్రలు బారులు తీరి ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారం. విడిగా ఏదీ ప్రధానం కాదు. వంటింటి గోడకున్న అరలా ఉంటుంది, మ్యూజియం బీరువాలా కూడా ఉంటుంది. ఒక పాత్ర నుంచి పక్కదానికి చూపు నడిచినప్పుడు మెడ కాస్త పొడవవుతుంది, భుజం కాస్త జారుతుంది, పాదం లేచి కాడ అవుతుంది. ఒకే మనిషి తనకు తెలిసిన రూపాలన్నిటినీ ఒక్కచోట అప్పజెప్పినట్టు ఉంటుంది ఆ పని. వాపర్ పాత్ర ఎదుట నిలబడితే అది ఒక్కటే మాట్లాడుతుంది. ఇక్కడ పాత్రకూ పాత్రకూ మధ్య జరిగే మార్పును మనం చదువుకోవాలి.

అభ్యాసం: మీ ఇంట్లోని బిందె, కూజా, చెంబుల్లో ఒకదాన్ని కిటికీ ముందు వెలుగుకు అడ్డంగా పెట్టి, దాని అంచును మాత్రమే పెన్సిలుతో గీయండి. మూతి, మెడ, భుజం, పొట్ట, అడుగు గుర్తించండి. గీత ఎక్కడ దిశ మార్చుకుంటున్నదో, ఆ మార్పుకు కారణం వాడుకా, పదార్థమా, చేసినవారి అభిరుచా ఒక పుటకు మించకుండా చర్చించండి. ఆ పాత్రనే గాజుతో ఊదవలసి వస్తే ఏ భాగం అన్నిటికన్నా కష్టమవుతుందో కూడా రాయండి.